అసలులో లేనివి

"రెండు గంటల్లో అయిపోతుందన్నారు. మొదలుపెట్టి నాలుగు గంటలైంది," అంది భార్య, కంప్యూటర్ ఉన్న గది గుమ్మంలో గరిటెతో నిలబడి.

"నెట్ నెమ్మదిగా ఉంది. అది కూడా నా తప్పేనా?"

"ఇంట్లో ఉన్న నెట్టంతా మీరొక్కరే లాగేస్తుంటే నెమ్మదిగా ఉండక ఏం చేస్తుంది? పిల్ల ఆన్‌లైన్ క్లాసులో టీచరు పొద్దుట్నించీ నోరు తెరిచి అలాగే ఆగిపోయిందట. అయినా మీరు ఈ ఆదివారం చేస్తానన్న పనేంటి, చేస్తున్న పనేంటి?"

అతను చేస్తానన్న పని తన తండ్రి రికార్డింగులను వరసలో పెట్టడం. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. పోయేముందు ఏడాదంతా, బస్సులో ఎక్కినవాళ్ళ గురించీ దిగడం మరిచిపోయినవాళ్ళ గురించీ కబుర్లు చెబుతుంటే మనవరాలు ఫోన్లో రికార్డు చేసింది. మొత్తం నలభై ఒకటి. దూరాన ఉండే అక్క ఇంతవరకు ఒక్కటీ వినలేదు. ఆ సాయంత్రం అందుకే వస్తోంది.

అతను పాలిటెక్నిక్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జి. అక్కడ నలభై లినక్స్ కంప్యూటర్లున్నాయి. వాటికి కావలసిన ప్రోగ్రాములు ప్యాకేజీలుగా ఎక్కడో ఉన్న పెద్ద సర్వర్ నుంచి వస్తాయి. నలభై కంప్యూటర్లూ ఒకే ప్యాకేజీ కోసం ఒకేసారి ఎగబడితే కాలేజీ నెట్ సొమ్మసిల్లి పడిపోతోంది. అందుకని ఆ సర్వర్‌లో ఉన్నదంతా ఒక్కసారి తెచ్చి దగ్గర పెట్టుకుంటే, కంప్యూటర్లన్నీ ఇక్కడి నుంచే తీసుకుంటాయి. దాన్నే మిర్రర్ అంటారు. కాలేజీలో నింపాలంటే నెల పడుతుంది కనుక ఇంట్లో నింపి సోమవారం పట్టుకెళ్ళాలన్నది అతని ఆలోచన.

"నలభై బిందెలు పట్టుకుని వీధి చివరికి పరిగెత్తకుండా, ఇంట్లోనే తొట్టి నింపుకోవడం లాంటిదమ్మా," అని పొద్దున్నే తల్లికి చెప్పాడు.

"తొట్టి కడిగావా?" అని మాత్రం అడిగిందావిడ.

అతను నవ్వేశాడు. ఆ ప్రశ్న ఎంత మంచిదో సాయంత్రానికి గానీ బోధపడలేదు.

నింపే పనిని ఒక కంటెయినర్‌కు అప్పగించాడు. కంటెయినర్ అంటే మిగతా కంప్యూటర్‌తో సంబంధం లేకుండా తన పని తాను చేసుకుపోయే విడి గది లాంటిది. దానికి రెండే నియమాలు పెట్టాడు. ఎవరు ఆపినా తనంతట తానే లేచి పని మొదలుపెట్టాలి. అంతా తెచ్చుకున్నాక, అసలు సర్వర్‌లో లేనిదేదైనా డిస్కులో కనిపిస్తే చెరిపెయ్యాలి. ఇంత తెలివైన ఏర్పాటు ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదే అని కాస్త బాధపడ్డాడు కూడా.

డిస్కు కోసం బీరువా తెరిచాడు. ఎర్ర సంచీలో ఒకటి, నీలం సంచీలో ఒకటి ఉన్నాయి. "నీలం సంచీలోది ఖాళీదేనా?" అని కూతుర్ని కేకేశాడు.

"ఖాళీదే నాన్నా!"

తగిలించాడు, కమాండ్లు కొట్టాడు. డిస్కు తెరిచి లోపల ఏముందో చూడలేదు. కమాండ్లు కొట్టేవాడికి మౌస్ పట్టుకోవడం నామోషీ.

టీచరు ఇంకా నోరు మూయకపోవడంతో కూతురు మెల్లగా వచ్చి కంప్యూటర్ ప్లగ్గు పీకింది. అతను మళ్ళీ పెట్టాడు. కంటెయినర్ లేచింది. ఆమె మళ్ళీ పీకింది, అతను మళ్ళీ పెట్టాడు. అది మళ్ళీ లేచి, ఆపిన చోటు నుంచే అందుకుంది.

"చూశావా, ఎంత బుద్ధిమంతురాలో!" అన్నాడు మురిసిపోతూ.

"దానికున్న బుద్ధిలో సగం..." అంటూ భార్య మాట మింగేసి, నెట్ కంపెనీకి ఫోన్ చేసింది. మధ్యాహ్నం ఒకతను వచ్చి, బీరువా వెనక నలిగిపోయిన తీగను మార్చి వెళ్ళాడు. టీచరు నోరు కదిలింది. ప్యాకేజీలు వరదలా దిగాయి. మర్నాడు పొద్దుటిదాకా సాగేలా ఉన్న పని మూడింటికే పూర్తయింది.

"నువ్వు చేసినవాటిలోకెల్లా మంచి పని ఇదే," అని భార్యను మెచ్చుకుని, రికార్డింగులు వరసలో పెడదామని ఎర్ర సంచీలోని డిస్కు తగిలించాడు. అందులో ఏమీ లేదు.

"ఏమేవ్, ఎర్ర సంచీలో ఉండాల్సిన నాన్న రికార్డింగులేవీ?"

"ఎర్రదాని జిప్పు ఊడిపోయిందండీ. మామయ్యగారి మాటలు కదా, కింద పడిపోతుందేమోనని ఆ డిస్కును నీలం సంచీలోకి మార్చి, ఖాళీదాన్ని ఇందులో పెట్టాను. ఏం?"

అతను బల్ల మీది నీలం సంచీ వైపు చూశాడు. ఆ ఇంట్లో ఎవరూ తప్పు చేయలేదు. పిల్లకు తెలిసినంతవరకు నీలం సంచీది ఖాళీదే. భార్య జాగ్రత్త పడింది. కంటెయినర్ చెప్పిన మాట జవదాటలేదు. నలభై ఒక్క రికార్డింగుల్లో ఒక్కటీ అసలు సర్వర్‌లో లేదు గనుక నలభై ఒకటీ చెరిపేసింది. రికార్డు చేసిన ఫోను కిందటేడే నీళ్ళ బకెట్లో పడి పాడైపోయింది.

చెరిగినవాటిని తిరిగి రాబట్టే ప్రోగ్రాములుంటాయని గుర్తొచ్చి, ముందు వెనకలు చూడకుండా డిస్కును మళ్ళీ తగిలించాడు. కంటెయినర్ నియమం ప్రకారం లేచింది. ఆ కాసేపట్లో వచ్చిన కొత్త ప్యాకేజీలను రికార్డింగులు చెరిగి ఖాళీ అయిన చోటే పొందికగా సర్దింది. ఇక రాబట్టడానికి ఏమీ మిగల్లేదు.

అయిదున్నరకు అక్క వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "ఏరా తమ్ముడూ, నాన్న సిద్ధంగా ఉన్నాడా?" అంది.

అతను కుర్చీ అంచున కూర్చుని, నేల చూస్తూ అంతా చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త బాగుండేది. అక్క ఒళ్ళో ఉన్న చేతిసంచీ జిప్పు తీసి, మళ్ళీ వేసింది. పిల్ల ముక్కు ఎగబీలుస్తోంది.

సరిగ్గా ఆరింటికి తల్లి పక్కనున్న పాత ఫోను మోగింది. ఆవిడ మాత్రల అలారం.

"వదిలెయ్యరా నాయనా, పలుకుతోందిగా! నువ్వు వేలు పెట్టావంటే అది మళ్ళీ పలకదు!"

తండ్రి గొంతు. ఎప్పుడో అతను రికార్డింగ్ మధ్యలో ఫోను సర్దబోతే ఆయన కసురుకున్నది. ఆ ముక్క మనవరాలు కత్తిరించి నానమ్మకు అలారంగా పెట్టింది. రోజూ విని విని, దాన్ని ఎవరూ రికార్డింగుల్లో లెక్కపెట్టలేదు.

అక్క ఉలిక్కిపడి, ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకుంది. "మళ్ళీ పెట్టవే," అంది మేనకోడలితో. మూడుసార్లు వింది. మూడోసారి ఏడుస్తూనే నవ్వింది. "నాన్నకి నీ సంగతి ఎంత బాగా తెలుసురా!"

అతను కూడా నవ్వాడు. ఫోను అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తల్లి మాత్ర వేసుకుని, గ్లాసు కింద పెట్టి, అందరి వైపూ ఒకసారి చూసింది.

"ఆయన చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. ఆయన గొంతు నాకు లేదు, అంతే. రేపట్నించి రోజుకొకటి చెబుతాను. అమ్మాయి రికార్డు చేస్తుంది, కోడలు దాచిపెడుతుంది. వాడు మాత్రం ఆ వేళకి వీధి అరుగు మీద కూర్చుంటాడు."

"సరేనమ్మా," అన్నాడతను.

మిర్రర్ మాత్రం నూటికి నూరుపాళ్ళూ కుదిరింది. అందులో ఉండాల్సినవాటిలో ఒక్కటీ పోలేదు.