చెమట పట్టిన బిందె

ఆ పొద్దున ఓబుళేసు చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. కొత్తల్లుడు తొలిసారి ఇంటికి వచ్చాడు. అనంతపురం నుంచి ఐసుగడ్డ తెప్పించి, బెల్లం పానకంలో వేసి చల్లగా తాగించాలి. అంతే. మొదటి బస్సులో రంపపు పొట్టు కప్పుకుని ఐసుగడ్డ దిగింది. ఆ ఊరు ఐసును చూడటం అదే మొదలు. ఇత్తడి బిందెలో పానకం పోసి, గడ్డను పగలగొట్టి వేశారు.

కాసేపటికి ఓబుళేసు భార్య రామక్క కేక పెట్టింది. "ఏమయ్యా, బిందె కారతాండాది!"

"పోయిన వారమే గదా వెంకటరాముడు మాటు ఏసింది! ఇంగో బిందెలో పొయ్యి."

పోసింది. అదీ తడిసింది. మూడోదీ అంతే. మూడింటి అడుగు చిల్లులకూ మాట్లు వేసి పూడ్చినవాడు ఊరి కొలిమి పనివాడు వెంకటరాముడే. రెండు మైళ్లు నడిచి బిందెడు నీళ్లు తెచ్చుకునే ఊళ్లో కారే బిందె అంటే మామూలు నేరమా? గడియలో ఊరి ఆడవాళ్లంతా బిందెలు చంకనెత్తుకుని అతని కొలిమి మీద పడ్డారు. పనివాణ్ణి ఓబుళేసు ఇంటికి లాక్కొచ్చారు.

వెంకటరాముడు బిందెను తువ్వాలుతో తుడిచాడు. మళ్లీ బొట్లు. ఇంకోసారి తుడిచాడు. మళ్లీ! ఇరవై ఏళ్లుగా తిండి పెట్టిన కొలిమి ఇవాళ్టితో ఆరిపోయేలా ఉంది. అయినా గొంతు మాత్రం దించలేదు.

"నా మాటు కారదు. కారిందని సూపిస్తే కొలిమి గుంత పూడ్సి ఊరిడ్సి పోతా!"

"పో మరి! కండ్లెదుట కారతాంటే ఇంగా మాటలా?" అన్నాడు ఓబుళేసు.

"మాటు అడుగున ఉండాది, తడి గొంతు కాడ ఉండాది. నీళ్లు పైకి కారతాయా ఏమప్పా?"

ఓబుళేసుకు ఒళ్లు మండింది. "గట్టి మాటయితే దెబ్బకు నిలబడాల!" అంటూ వెంకటరాముడి సంచిలోని సుత్తే లాగి, బిందెను పక్కకు వంచి అడుగు మాటు మీద ఒక్కటిచ్చుకున్నాడు. మాటు ఎగిరిపోయింది. పానకం అల్లుడి కొత్త పంచె మీదికి చిమ్మింది.

"సూడండి! కారిందా లేదా?"

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. వెంకటరాముడు పానకం ధారలో వేలు ముంచి నాకాడు. బిందె మెడ మీది బొట్టు తీసి నాకాడు. పకపకా నవ్వాడు.

"అల్లుడుగారూ, మీరే రుసి సూసి సెప్పండి."

అల్లుడు రెండూ చూశాడు. "ఇది తీపి... ఇది సప్పన."

"ఇన్నావా ఓబుళేసన్నా? నువ్వు కొట్టినంక కారింది తీపి. అంతకు ముందరి తడిలో బెల్లం యాడుండాది? నా మాటు కారలే!"

"మరి ఆ నీళ్లు యాడివి?"

అల్లుడు పంచె పిండుకుంటూ అన్నాడు. "గాలిలోవే మామా. గాలిలో కంటికి కనపడని తేమ ఉంటాది. సల్లటి బిందెకు తగిలితే నీళ్లయితాది."

మూడేళ్లుగా వాన మొహం చూడని ఊరు అది.

"గాలిలో నీళ్లా?" అంది రామక్క. "ఈ ఊరి గాలిలోనా?"

మర్నాడు తెల్లారేసరికి కొలిమి దగ్గర వరస కట్టారు. "అన్నా, మా బిందెకు గూడా గాలినీళ్లు పట్టే మాటు ఒగటి ఎయ్యి."

"అది ఐసు పని, నా మాటు పని కాదు తల్లీ!" అని వెంకటరాముడు మొత్తుకున్నాడు. వింటే గదా!

వరసలో మొదట నిలబడింది ఓబుళేసే. కొత్త బిందె తెచ్చాడు, చిల్లు ఇంటి దగ్గరే పొడుచుకుని మరీ.