అంజన్న అపహరణ

ఆ శుక్రవారం భూమేష్ అనుకున్నది చాలా చిన్న పని. తను మటన్ తేవాలి, అంజన్న వండాలి, తిని పడుకోవాలి. రియాద్‌లో, మలాజ్‌లో ఇద్దరూ కలిసి ఉండే గదిలో ఆరేళ్ళుగా నడుస్తున్నది అదే. అంజన్న తాపీమేస్త్రీ, చేతివంట అమృతం. అలాంటి మనిషిని పక్క గది డ్రైవరు మల్లేశం తన దోస్తుల దగ్గరికి భోజనానికి పిలిచాడట. అది విన్నప్పటి నుంచి భూమేష్‌కు ఒకటే కడుపుమంట. ఓర్వలేనితనమే, దాచడమెందుకు.

అంజన్న స్నానానికి వెళ్ళగానే అతని చొక్కా జేబులోని ఇఖామా, అంటే సౌదీలో ఉండనిచ్చే గుర్తింపు కార్డు, తీసి తన జేబులో వేసుకుని మటన్‌కు బయల్దేరాడు. అవి నితాఖత్ తనిఖీల రోజులు, కాగితాలు సరిగా లేని పరాయి కార్మికులను ఏరి పంపేస్తున్న కాలం. ఆ కార్డు లేకుండా వీధిలో దొరికితే జైలు, అటునుంచి అటే ఇంటికి. కార్డు కనబడకపోతే అంజన్న గడప దాటడని భూమేష్ తెలివి. అంజన్న మాత్రం జేబు తడుముకోకుండానే చొక్కా తొడుక్కుని మల్లేశం కారెక్కాడు.

భూమేష్ మటన్‌తో వచ్చేసరికి గది ఖాళీ. అంజన్న ఎలా వెళ్ళాడో పక్క గదివాళ్ళు పూసగుచ్చినట్టు చెప్పారు. ఆ కోపంలో ఇఖామా సంగతే మరిచిపోయి, సంచీతో సహా పై అంతస్తుకెక్కాడు. అక్కడుండే సుబ్బరామయ్య తెనాలిలో లా చదివి, ఇక్కడ గోడౌన్ సూపర్‌వైజర్‌గా కుదిరాడు.

"సార్, మల్లేశం మా అంజన్నను ఎత్తుకపోయిండు. కిడ్నాప్ కేసు రాయుర్రి."

"వయసెంత?"

"నలభై ఆరు."

"మన చట్టంలో అయితే మైనర్ని గార్డియన్ దగ్గర్నుంచి తీసుకుపోవాలయ్యా. నలభై ఆరేళ్ళవాడికి గార్డియన్ ఎవరు?"

"నేనే సార్."

సుబ్బరామయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "పెద్దవాణ్ణయితే అపహరణ అంటారు. దానికి బలవంతమో మోసమో ఉండాలి. చెయ్యి పట్టి లాగాడా?"

"లేదు. ముందు సీట్ల కూసోబెట్టుకున్నడట." ఆ మాట అంటూ భూమేష్ మటన్ సంచీని గుండెకు హత్తుకున్నాడు.

"మోసం చేశాడా?"

"మేం వండుతం, నువ్వు ఊకె కూసోని తిను అన్నడట."

"అది మోసం కాదు, మర్యాద."

అంతలో భూమేష్ ఫోన్ మోగింది. మల్లేశం. "అన్నా, బత్తా రోడ్డు మీద పోలీసోళ్ళు ఆపిన్రు. అంజన్న ఇఖామా దొర్కుతలేదు. ఇంట్ల ఉన్నదేమో చూడు."

భూమేష్ జేబులోంచి కార్డు తీశాడు. సుబ్బరామయ్య దాన్ని చూశాడు, అతన్ని చూశాడు. "నేరం చేసినవాడు దొరికాడు. ముందు టాక్సీ పట్టు. వాళ్ళు వ్యానెక్కిస్తే ఆయన పదకొండేళ్ళ కొలువు పోయినట్టే."

భూమేష్ చేరేసరికి అంజన్న ఒక కాలు వ్యాన్‌లో పెట్టి ఉన్నాడు. పోలీసు కార్డు అందుకుని వచ్చీరాని ఉర్దూలో అడిగాడు. "ఇది నీ దగ్గరెందుకుంది?"

భూమేష్ చెప్పేలోపే అంజన్నే అందుకున్నాడు. "నేనే ఇచ్చిన సాబ్, దాచిపెట్టమని." పోలీసు ఇద్దర్నీ ఎగాదిగా చూసి వదిలేశాడు.

"నన్నెందుకు బచాయించినవే?" భూమేష్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మల్లేశం నిన్ను తీస్కపోతే ఓర్వలేక తీసిన."

"మల్లేశం తీస్కపోలే. నేనే తీస్కపొమ్మన్న. ఆరేండ్లాయె, కూర మంచిగున్నదని నువ్వు ఒక్కపారి అన్నవా?"

భూమేష్ తల వంచుకున్నాడు. "ఇగ నుంచి శుక్రారం నేను వండుత. నువ్వు కూసో."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ప్రతి శుక్రవారం అతనే వండుతున్నాడు, అంజన్నా మల్లేశమూ పక్కపక్కన కూర్చుని తింటున్నారు. కూర బాగుందని ఇప్పటిదాకా ఎవ్వరూ అనలేదు.