ముప్పై నాలుగొస్తే నూరూ మనవే

నూటికి ముప్పై నాలుగు తెచ్చుకున్నవాడికి నూరూ ఇచ్చేయాలి! మిగిలిన అరవై ఆరునూ చెత్తబుట్టలో వేయాలి. ఇంతకంటే శుభ్రమైన న్యాయం భూమ్మీద లేదని నా గట్టి అభిప్రాయం. అనుమానం ఉన్నవాళ్ళు మా క్వార్టర్సుకు వచ్చి చూసుకోవచ్చు.

మా దగ్గర వంద కాపురాలు. కాపురానికి ఒక ఓటు. కింద మెట్ల పక్కన ఒక పెద్ద గది ఉంది. సాయంత్రం ఆరింటికి అందులో పెద్దవాళ్ళ బడి నడిచేది. మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట, నేను అక్షరాలు దిద్దింది అక్కడే. ఈ కాలమ్ మీ ప్రాణానికి తగులుకుందంటే తప్పు ఆ గదిదే.

ఈ ఏడు కమిటీ ఎన్నికలు వచ్చాయి. కమిటీకి ఐదు కుర్చీలు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు ప్రెసిడెంటు. ఐదు కుర్చీల్లో ఎవర్ని కూర్చోబెట్టాలో ఆయన ఇష్టం. నలుగురు పోటీకి దిగారు. స్కూటర్ల మెకానిక్కు ఒకాయన, మేమంతా బండ్లాయన అంటాం. బడి ఎత్తేసి ఆ గదిలో స్కూటర్లు పెట్టాలని ఆయన పట్టు. మిగతా ముగ్గురూ, అంటే నర్సమ్మ, టైలరు పని చేసే మా మరిది, రిటైరైన పోస్టుమాన్ తాతయ్య, బడి ఉండి తీరాలన్నారు.

ఒకే మాట మీద ఉన్నప్పుడు ముగ్గురెందుకు అంటారా? నర్సమ్మకు కొత్త బోర్డు కావాలి. మా మరిదికి బెంచీలు కావాలి. తాతయ్యకేమో ఫ్యాను కిటికీ వైపు జరపాలి. ఫ్యాను కోసం మనిషి ఎన్నికల్లో నిలబడ్డాడండీ! ఆశయమంటే అదీ.

ఇక మా బడివాళ్ళ ఘనత వినండి. చదువు రాని రోజుల్లో పక్కింటామె ఏ గుర్తు చూపిస్తే దానిమీదే అందరం గుద్ది వచ్చేవాళ్ళం. ఈసారి నాలుగు పేర్లూ కూడబలుక్కుని చదివాం. ఎవరికి నచ్చిన పేరు వాళ్ళం ఎంచుకున్నాం. ఎంత పొంగిపోయామో!

బండ్లాయనకు ముప్పై నాలుగు. నర్సమ్మకు ఇరవై ఐదు, మా మరిదికి ఇరవై రెండు, తాతయ్యకు పంతొమ్మిది. మర్నాడే మా పలకలు, చాపలు బయటికొచ్చాయి. స్కూటర్లు లోపలికి వెళ్ళాయి.

ఇప్పుడు కమిటీలో బండ్లాయన, ఆయన భార్య, బావమరిది, అల్లుడు ఉన్నారు. ఐదో కుర్చీలో ఆయన హెల్మెట్ ఉంటుంది. నేను కళ్ళారా చూశాను. హెల్మెట్ ఇంతవరకు ఒక్క తీర్మానానికీ అడ్డు చెప్పలేదు. అలాంటి సభ్యుడు మీ ఊళ్ళో ఉన్నాడా?

నేనే వెళ్ళి బండ్లాయనను అడిగాను. "అరవై ఆరు ఇళ్ళవాళ్ళు బడి ఉండాలన్నారు కదయ్యా?"

"వాళ్ళు ఓడిపోయారక్కా! ఓడినోళ్ళ మాట వినడానికా మనం ఎన్నికలు పెట్టుకుంది?"

మా మరిది మెడలో టేపు అలాగే వేసుకుని అడ్డు తగిలాడు. "అట్లా కాదు బండ్లాయనా. ఐదు కుర్చీలనూ వచ్చిన ఓట్లను బట్టి పంచు. నీకు రెండు, మా ముగ్గురికీ తలా ఒకటి. దామాషా పద్ధతి అంటారు దాన్ని. మేం ముగ్గురం చెయ్యెత్తితే బడి బడిగానే ఉంటుంది."

"అప్పుడు ప్రతిదానికీ మీతో కూర్చుని మాట్లాడాలిగా?"

"అవును, మాట్లాడాలి."

"మరి గెలిచి నాకేం సుఖం?"

ఎంత లోతైన మాట! గెలిచాక కూడా పక్కవాడి మాట వినాలంటే ఆ గెలుపెందుకు? ఓడిన అరవై ఆరు ఇళ్ళకు మాత్రం సుఖం తక్కువా? మీటింగు లేదు, చర్చ లేదు, బుర్రకు పని లేదు. హెల్మెట్ అంత హాయిగా ఉన్నాం.

ఆ హాయిలోనే మెట్ల మీద కూర్చుని పోయిన వారం పరీక్ష రాశాం, ఎనిమిదిమందిమి. పంతులమ్మ డిక్టేషను చెబుతోంది. ఒక్కో వాక్యం మధ్యలో ఒక్కో స్కూటరు దూరింది. హారను ఎలా రాయాలో మాకు నేర్పలేదు. పాసు కావడానికి ముప్పై ఐదు రావాలి. అందరం తప్పాం. క్లాసుకంతా నాదే పెద్ద మార్కు. ఎంతో ఊహించారా? ముప్పై నాలుగు!

ఉన్న న్యాయమే అడిగాను. "పంతులమ్మా, అందరికంటే నాకే ఎక్కువ వచ్చాయి. ఎనిమిది సర్టిఫికెట్లూ నాకే ఇచ్చేయండి."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. "భలేవారే పిన్నిగారూ! మరి మిగతావాళ్ళు రాసిందంతా ఏమైపోవాలి?"

ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది. ఒక్క అక్షరం మార్చకుండా, చాక్‌పీసుతో గది తలుపు మీద పెద్దగా రాశాను: 'మరి మిగతావాళ్ళు రాసిందంతా ఏమైపోవాలి?' తప్పుల్లేవని పంతులమ్మే దిద్ది చెప్పింది.

బండ్లాయన ఇప్పటికి నాలుగుసార్లు తుడిచాడు. నేను ఐదుసార్లు రాశాను. బడి లేకపోయినా నా చేతిరాత బాగుపడుతోందంటే, అదంతా ప్రెసిడెంటుగారి చలవే!