బెత్తెడు చెయ్యి

ఒక పెద్ద అడవిలో ఆపద్బంధు దళం అని ఒకటుండేది. ఎవరిని పాము కరిచినా, ఎవరి గొంతులో ఎముక అడ్డంపడినా పరుగున వెళ్లి ఆదుకోవడం దాని పని. దళపతి ఎలుగుబంటి భల్లయ్య. సభాధ్యక్షుడు అడవిపంది వరాహప్పకు ప్రాణస్నేహితుడు గనక ఆ పదవి వచ్చింది. కబురొస్తే ఆవులించి, ఒళ్లు విరుచుకుని, ఆయన బయల్దేరేసరికి రోగి సంగతి తేలిపోయేది.

అందుకే జనం గవ్వను పిలవడం మొదలెట్టారు. గవ్వ కొండముచ్చుల అమ్మాయి. పిల్లా కాదు, పెద్దా కాదు. తాబేలు వైద్యురాలి దగ్గర రెండేళ్లు పని నేర్చుకుంది. సన్నటి చెయ్యి గొంతులోకి పోనిచ్చి అడ్డంపడ్డదాన్ని లాగడంలో దానికి సాటి లేరు.

భల్లయ్యకు తలకొట్టేసినట్టయింది. వరాహప్ప సభ పిలిచాడు.

"పాలుగారే వయసులో ప్రాణాలతో చెలగాటమా? నెత్తురు చూస్తే పసిమనసు బెదిరిపోదూ?" అన్నాడు. పసిమనసుల మీద ఆయనకంత ప్రేమ ఉందని ఆనాటిదాకా ఎవరికీ తెలియదు.

కార్యదర్శి నక్క మామ అప్పటికప్పుడు నిబంధన రాశాడు: చెయ్యి జానెడు లేనివారు రోగిని ముట్టరాదు, ముడితే అడవి బహిష్కారం. వెదురుపుల్లతో కొలిస్తే గవ్వ చెయ్యి బెత్తెడే తేలింది.

"కొలవాల్సింది గొంతు కదా మామా, చెయ్యెందుకు?" అంది గవ్వ.

"పెద్దలకు ఎదురు చెప్పకు" అన్నాడు నక్క.

నిబంధన నెగ్గినందుకు ఆ పూటే విందు. వరాహప్ప మామిడిపళ్లు టెంకతో సహా మింగే రకం. మూడో టెంక గొంతుకు అడ్డంపడి కళ్లు తేలేశాడు. భల్లయ్య పంజా ఆ నోట్లో పట్టలేదు. వీపు మీద రెండు చరిచి, "దైవేచ్ఛ" అని కూర్చున్నాడు.

గవ్వ ముందుకొచ్చింది. నక్క వెదురుపుల్ల అడ్డంపెట్టాడు.

"నిబంధన సడలించాలంటే అధ్యక్షులవారు స్వయంగా చెప్పాలమ్మా."

"ఆయన గొంతులో టెంకుంది మామా."

"అయితే సభ వాయిదా."

గవ్వకు ఒళ్లు మండింది. భయమూ వేసింది. ముట్టుకుంటే పుట్టిన అడవి పోతుంది, ముట్టుకోకపోతే కళ్లెదుటే ఒక ప్రాణం పోతుంది. పుల్లను పక్కకు నెట్టి చెయ్యి దూర్చింది. టెంక ఊడొచ్చింది.

వరాహప్ప ఊపిరి పీల్చుకున్నాడు. నీళ్లు తాగాడు. తీరిగ్గా మూతి తుడుచుకుని, "నా నోట్లో చెయ్యి పెట్టిందెవరు?" అన్నాడు.

సాయంత్రానికి అధ్యక్షుణ్ణి కాపాడినందుకు భల్లయ్య మెళ్లో పూలదండ పడింది. గవ్వ ముందుకు బహిష్కార పత్రం వచ్చింది.

"ఇక్కడ చేతిముద్ర వెయ్యి" అన్నాడు నక్క.

"నా చెయ్యి జానెడు లేదుగా మామా?"

"దీనికి చాలు."

పొలిమేర దాటుతూ గవ్వ ఒక్కసారి మామిడితోపు వైపు చూసింది. కాపు ఇంకో నెలరోజులుంటుంది.

నీతి: ప్రాణం నిలబెట్టడానికి చాలని వయసు, శిక్ష అనుభవించడానికి చాలుతుంది.