ఏకగ్రీవంగా కొత్త రూటర్

మా ఇంట్లో నన్ను అడిగి ఏ పనీ చేయరు. హనుమాయమ్మ పోయి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో ఈ నియమానికి ఒక్కసారి కూడా భంగం కలగలేదు. ఇంత క్రమశిక్షణ నేను ఇరవై ఆరేళ్లు పనిచేసిన సైన్యంలో కూడా చూడలేదు.

హనుమాయమ్మ నా భార్య. ఆమె ఉన్నప్పుడు పద్ధతి వేరుగా ఉండేది. నేను ఆమెతో అనేవాణ్ణి. ఆమె వంటింట్లోంచి "ఒరే, మీ నాన్న ఇట్టా అంటన్నారు" అని కొడుకుకు వినిపించేది. వాడు "సరేలే అమ్మా" అనేవాడు. ముప్పై ఏళ్లు మా తండ్రీకొడుకుల మధ్య రాకపోకలు ఆ దారినే సాగాయి. ఇప్పుడు ఆ దారి లేదు. మేమిద్దరం గాలి ఎంత చెడిపోయిందో మాట్లాడుకుంటాం. ఢిల్లీ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఆ విషయంలో ఎప్పుడూ కొరత రాదు.

మాది ఘాజియాబాద్‌లో పద్నాలుగో అంతస్తు. కొడుకు రఘునందన్ నోయిడాలో నెట్‌వర్కుల నిపుణుడు. ఎక్కడో ఒక దేశంలో బ్యాంకుకు ఇంటర్నెట్ ఆగితే వీడికి ఫోన్ వస్తుంది. వీడు నాలుగు మాటలు చెబితే అక్కడ నడుస్తుంది. అంతటివాడి ఇంట్లో అక్టోబరు నెలాఖరు నుంచి రోజుకు నాలుగైదుసార్లు ఇంటర్నెట్ ఆగడం మొదలైంది. టీవీ కింద ఉండే రూటర్ మీద ఎర్రదీపం వెలిగేది. రూటర్‌కు ఏడేళ్లు. ఏడేళ్లది కాబట్టి తప్పు దానిదేనని ఇంటిల్లిపాదీ నిర్ణయించారు. విచారణ అవసరం కలగలేదు.

జరిగింది ఇది. మా అపార్ట్‌మెంట్ సొసైటీలో బయటి గోడకు చిల్లు పెట్టకూడదు. భవనం అందం చెడుతుందని నిబంధన. అందువల్ల ఇంటర్నెట్ వైరు బాల్కనీ గాజు తలుపు సందులోంచి హాల్లోకి వస్తుంది. పక్కకు జరిపే తలుపు. ఏడేళ్లు ఆ సందులో వైరు సుఖంగా ఉంది. ఈ అక్టోబరులో పొగ లోపలికి రాకూడదని కోడలు ప్రణతి తలుపు అంచుకు కొత్త రబ్బరు పట్టీ వేయించింది. అప్పట్నుంచి తలుపు బిగుతుగా పడుతోంది. పడినప్పుడల్లా వైరు నలుగుతోంది. ఆ వైరులో ఉన్నది గాజు పోగు. మడత పడితే అందులో వెలుతురు నడవదు.

నా కుర్చీ ఆ తలుపు పక్కనే ఉంటుంది. తలుపు పడుతుంది, పది లెక్కపెట్టేలోగా ఎర్రదీపం. తలుపు తీస్తారు, కాసేపటికి పచ్చదీపం. వారం రోజులు చూశాను. నేను సైన్యం సిగ్నల్స్ విభాగంలో తీగలు చూసే లైన్‌మన్‌గా చేరి నాయబ్ సుబేదార్‌గా దిగినవాణ్ణి. మా ఊరి బడిలో పదో తరగతితో నా చదువు ఆగింది. మాకు నేర్పిన మొదటి సంగతి, పెట్టె విప్పేముందు వైరు వెంట నడవమని. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇది చెప్పరు కాబోలు. అక్కడ నడక ఉండదు.

ఇక మా ఇంటి మరమ్మతు విధానం. రెండేళ్ల కిందట సొసైటీవాళ్లు, రేడియేషన్ వల్ల పిల్లల జ్ఞాపకశక్తి పోతోందని సంతకాలు సేకరించి, పైకప్పు మీది మొబైల్ టవర్‌ను తీయించారు. ఆరు నెలల తర్వాత ఫోన్లకు సిగ్నల్ రావడం లేదని మళ్లీ సంతకాలు సేకరించారు. రెండు అర్జీల మీదా మొదటి సంతకం ఒకరిదే. వారి జ్ఞాపకశక్తి మాత్రం టవర్‌తోనే పోయినట్టుంది. మొత్తానికి మా ఫ్లాట్‌లో బాల్కనీలో నిలబడితే తప్ప ఫోన్ పలకదు.

కాబట్టి ఇంటర్నెట్ ఆగగానే రఘునందన్ తలుపు తెరుచుకుని బాల్కనీలోకి వెళ్లి కంపెనీకి ఫోన్ చేస్తాడు. అవతలి అమ్మాయి "సర్, ఏక్ బార్ రీస్టార్ట్ కర్ లీజియే" అంటుంది. వాడు అక్కణ్ణుంచే కేకేస్తాడు, ప్రణతి లోపల స్విచ్ ఆపి వేస్తుంది. తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి పచ్చదీపం వస్తుంది. వాడు ఆ అమ్మాయికి కృతజ్ఞతలు చెప్పి లోపలికొచ్చి తలుపు వేస్తాడు. రీస్టార్ట్ ప్రభావం నిలవడం లేదంటే రూటర్ ముసలిదైందని అర్థమట. ఇంత పకడ్బందీ తర్కాన్ని నేను చాలా తక్కువసార్లు చూశాను.

నేను చెప్పలేదని ఎవరూ అనడానికి లేదు. చెప్పాను. దీపావళికి రెండు రోజుల ముందు, వాడు స్క్రూడ్రైవర్‌తో రూటర్ ముందు కూర్చుని ఉండగా "ఆ తలుపు..." అన్నాను.

"నాన్నా, ప్లీజ్. ఇది మీ ఫీల్డ్ టెలిఫోన్ కాదు, తిప్పితే మోగటానికి," అన్నాడు వాడు.

ప్రణతి నవ్వింది. "మామయ్యగారూ, టీ ఇవ్వమంటారా?" అని అడిగింది.

టీ తాగాను. సైన్యంలో సందేశం ఒకసారి పంపుతాం. వినబడకపోతే అవతలివాడు మళ్లీ చెప్పమని అడగాలి. అడగనివాడి చెవిలో రెండోసారి ఊదే పద్ధతి లేదు. నేను ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు.

ఇక్కడ మనవరాలు తేజశ్రీ సంగతి చెప్పాలి. దానికి ఇరవై రెండేళ్లు, మాట సగం హిందీ. చీమల మీద పరిశోధన చేస్తుందట. దక్షిణాదిన ఒక సంస్థలో దేశం మొత్తానికి ఎనిమిది సీట్లు. రెండేళ్లు చదివి రాతపరీక్ష గట్టెక్కింది. మిగిలింది డిసెంబరు మొదటి వారంలో ఇంటి నుంచే ఇవ్వవలసిన ఇంటర్వ్యూ. నిబంధనల కాగితం మీద స్పష్టంగా రాశారు: అభ్యర్థి ఒంటరిగా గదిలో కూర్చోవాలి, కనెక్షన్ బాధ్యత అభ్యర్థిదే, పది నిమిషాలకు మించి తెగితే ఇంటర్వ్యూ ముగిసినట్టే, రెండో అవకాశం లేదు.

పిల్ల తెలివైంది. "పాపా, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో నా ఫ్రెండ్ రూమ్ ఉంది. వహా సే దే దూఁగీ. అక్కడ నెట్ సాలిడ్," అంది తండ్రితో, ఇంటర్వ్యూ అక్కణ్ణుంచే ఇస్తానని.

రఘునందన్ అన్నం కలుపుతున్నవాడు ఆగాడు. "నెట్‌వర్క్ లీడ్ కూతురు ఇంకొకళ్ల వైఫైలో ఇంటర్వ్యూ ఇస్తుందా? ఆఫీసులో తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పాపా, ఇట్స్ మై ఇంటర్వ్యూ."

"అందుకే కదా రూటర్ అప్‌గ్రేడ్ చేద్దామంటున్నా."

అలా ఒక పిల్ల భవిష్యత్తు ఒక తండ్రి మొహంతో ముడిపడింది. మన కుటుంబాల్లో ఇది మామూలే కాబట్టి ముందుకు పోదాం.

రూటర్ మార్చాలా వద్దా అనే అంశంపై మూడు ఆదివారాలు సమావేశాలు జరిగాయి. ఇందుకోసం వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు. ఒకే హాల్లో కూర్చున్న ముగ్గురు ఒకరికొకరు అందులో సందేశాలు పంపుకున్నారు. ఇంటర్నెట్ లేనందువల్ల అవి వెళ్లేవి కావు. పదకొండు రూటర్లను ఒక పట్టికలో పెట్టి తొమ్మిది గుణాలకు మార్కులు వేశారు. వేగం, వ్యాప్తి, యాంటెనాల సంఖ్య, భవిష్యత్ సంసిద్ధత వగైరా. ప్రణతి పెట్టించిన గుణం, హాల్లో కర్టెన్లకు రంగు నప్పడం. దానికి ఎక్కువ మార్కులు కేటాయించారు. ఆ పట్టికలో వైరుకు గడి లేదు. హనుమాయమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆపరేషన్ చేయించాలా వద్దా అన్నది ఇదే హాల్లో పావుగంటలో తేల్చారు. నన్ను అడగలేదు. మొత్తం మీద ఇంటి నిర్ణయ ప్రమాణాలు బాగా పెరిగాయి.

మూడో ఆదివారం నిపుణుడిగా సాయిప్రకాష్‌ను పిలిచారు. రఘునందన్ స్నేహితుడు, గుర్‌గావ్‌లో సలహాలిచ్చే ఉద్యోగం. మా ఇంట్లో పెసరట్లు నాలుగు తిని, చెయ్యి కడుక్కుని, రూటర్ ముందు నిలబడి ప్రసంగించాడు.

"చూడు బ్రదర్, సమస్య రూటర్ కాదు, మైండ్‌సెట్. మన తెలుగువాళ్లం వస్తువు పూర్తిగా చచ్చేదాకా వాడతాం. మిక్సీ కాలాలి, స్కూటర్ ఆగాలి, అప్పుడు కొంటాం. ఇది స్కేర్సిటీ మైండ్‌సెట్. ఏడేళ్లంటే రూటర్ లెక్కలో మనిషికి తొంభై. దీనికి రిపేర్ చేయటమంటే తొంభై ఏళ్లాయన్ని మారథాన్‌కి పంపటం. సారీ అంకుల్, మిమ్మల్ని కాదు."

"నాకు డెబ్బై మూడు," అన్నాను.

"యూ లుక్ గ్రేట్, అంకుల్," అన్నాడు.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ముగ్గురు చేతులెత్తారు, తేజశ్రీ భుజాలెగరేసింది. నా చేతుల లెక్క ఎవరూ తీయలేదు.

కొత్త రూటర్ ఇంటర్వ్యూకు మూడు రోజుల ముందు వచ్చింది. ఎనిమిది యాంటెనాలు. వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్న పురుగులా ఉంది. ప్రణతి దానికి పసుపు బొట్టు పెట్టి హారతిచ్చింది. పరీక్షించడానికి సాయిప్రకాష్ మళ్లీ వచ్చాడు. సిగ్నల్ ఎంత దూరం పారుతుందో చూడాలని ల్యాప్‌టాప్ పట్టుకుని బాల్కనీ చివర నిలబడ్డాడు. తలుపు తెరిచి ఉంది. రెండు గంటలు ఒక్కసారి కూడా ఆగలేదు.

"దేఖా? నేను చెప్పలా?" అన్నాడు. రఘునందన్ వాణ్ణి కౌగిలించుకున్నాడు.

వాడు పోయాక తలుపు వేశారు. కాసేపటికి ఎర్రదీపం. కొత్త రూటర్ కుదురుకోవడానికి నలభై ఎనిమిది గంటలు పడుతుందని రఘునందన్ ప్రకటించాడు. ఎక్కడో చదివాడట. బియ్యం పాతబడితేనే అన్నం పొడిపొడిగా వస్తుందని ప్రణతి కూడా సమర్థించింది.

ఇంటర్వ్యూ రోజు ఉదయం పొగ ఎదురు భవనాన్ని మింగేసింది. తేజశ్రీ చీర కట్టుకుంది. వాళ్ల నానమ్మది, ఆకుపచ్చ అంచుది. నా దగ్గరికొచ్చి "తాతయ్యా, ఆల్ ది బెస్ట్ బోలో" అంది. చెప్పాను. పిల్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

రఘునందన్ బాల్కనీలో ఫోన్‌లో ఉన్నాడు, అంతా సిద్ధమని సాయిప్రకాష్‌కు చెబుతూ. పదకొండింటికి లోపలికొచ్చి తలుపు సగం జరిపి, హాలు మధ్యలో నిలబడి ఆదేశాలిచ్చాడు. "నెక్స్ట్ వన్ అవర్, ఎవరూ ఏదీ టచ్ చేయకండి. నాన్నా, మీరు కూడా. ప్లీజ్, ఏదీ ముట్టుకోవద్దు."

ఆదేశం స్పష్టంగా ఉంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

పదకొండూ నాలుగుకు ప్రణతి గాలి శుద్ధి యంత్రం మీద కాలుష్యం అంకె చూసింది. "అయ్యో, నాలుగొందల ముప్పై! పిల్ల దగ్గితే ఎట్లా," అంటూ వేళ్ల మీద నడిచి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు పూర్తిగా మూసింది. రబ్బరు పట్టీ చక్కగా పట్టింది. నేను లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర ఎర్రదీపం వచ్చింది.

తలుపు పిడి నా కుర్చీ నుంచి మూర దూరం. చెయ్యి చాపితే చాలు, లేవనక్కర్లేదు.

తేజశ్రీ గదిలోంచి "పాపా!" అని అరిచింది. ఇద్దరూ రూటర్ మీద పడ్డారు. ఆపారు, వేశారు. ఎనిమిది యాంటెనాలను ఎనిమిది దిక్కులకు తిప్పారు. వెనక రీసెట్ కోసం ఉండే సన్నటి రంధ్రంలో ప్రణతి తన చెవిదుద్దు ముల్లు గుచ్చింది. పాత రూటర్‌ను అటక మీంచి దించారు. దానికీ ఎర్రదీపమే. పదకొండూ ఇరవై రెండుకు రఘునందన్ కంపెనీకి ఫోన్ చేయడానికి తలుపు లాగి బాల్కనీలోకి ఉరికాడు. పచ్చదీపం వచ్చింది. అప్పటికి పద్దెనిమిది నిమిషాలు గడిచాయి. తెర మీద ఒక వాక్యం ఉందట, ఇంగ్లీషులో: మీ ఇంటర్వ్యూ ముగిసింది, పాల్గొన్నందుకు ధన్యవాదాలు.

మర్నాడు కంపెనీ మెకానిక్ వచ్చాడు. నెరిసిన మీసాలాయన. రూటర్ వైపు చూడను కూడా లేదు. బాల్కనీ చివర నుంచి వైరు వెంట నడుచుకుంటూ వచ్చాడు. నా కుర్చీ దగ్గర వంగి, రబ్బరు పట్టీ ఎత్తి, నలిగిన చోటు వేలితో తడిమాడు.

"దర్వాజే మే దబ్ రహా హై, సాబ్. మహీనా భర్ సే. ఘర్ మే కిసీ నే దేఖా నహీ?"

తలుపులో నెల రోజులుగా నలుగుతోందట, ఇంట్లో ఎవరూ చూడలేదా అని. ఆయన పట్టీని వైరు మందాన కోసి, వైరు ముక్క మార్చి వెళ్లిపోయాడు. పదిహేను నిమిషాల పని.

ఆ తర్వాత ఒక్కసారి కూడా ఇంటర్నెట్ ఆగలేదు. రఘునందన్ తనలాంటి ఉద్యోగులందరూ చదివే చోట దీన్ని గురించి ఒక వ్యాసం రాశాడు. పాతదాన్ని వదిలే ధైర్యం అని దాని పేరు. ఐదువందల మంది మెచ్చుకున్నారు. అందులో తలుపు ప్రస్తావన లేదు. సొసైటీలో పదహారు ఇళ్లవాళ్లు అదే రూటర్ కొన్నారు.

తేజశ్రీ మాత్రం ఆ సాయంత్రం నా కుర్చీ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తాతయ్యా, మీకు తెలుసా?"

"తెలుసు."

"కబ్ సే?"

"దీపావళికి ముందు నుంచి."

పిల్ల తలుపు వంక చూసి, మరి చెప్పలేదేమని అడిగింది. "ఫిర్ బోలే క్యోఁ నహీఁ?"

"ఎవరూ అడగలేదు," అన్నాను. నెల రోజులుగా దాచుకున్న మాట. మంచి మాట. తప్పు పట్టడానికి లేని మాట.

"నానమ్మ ఉంటే చెప్పేది," అంది తేజశ్రీ, తెలుగులో, ఒక్క మాట కూడా తడబడకుండా. లేచి గదిలోకి వెళ్లింది. తండ్రికి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. నాతోనూ మాట్లాడదు.

చదువుతున్న మీరు నా మీద మొహం చిట్లిస్తున్నారని తెలుసు. చిట్లించండి. కానీ ముందు మీ హాల్లో తలుపు పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారో, వారికి ఏమేం తెలుసో ఒకసారి కనుక్కోండి. మీరు కనుక్కోరు. మీకు రూటర్లు ఉన్నాయి.

నా తరఫున చెప్పవలసింది చెప్పాను. ఇక ఈ సంగతి ఎవరడిగినా, తేజశ్రీయే వచ్చి అడిగినా, నోరు విప్పను.