ఆర్డిస్ విన్‌స్లోకు తగిన వరుడు

నిజం ఎవరి చేతికి పడితే వారి చేతికి ఇవ్వదగిన సరుకు కాదని అందరికన్నా ముందు గ్రహించిన ఘనత హాలీవుడ్‌లోని మా ‘స్క్రీన్ ల్యాంటర్న్’ పత్రికది. మూకీల కాలంలో మేమూ తారల ఇళ్లకు వెళ్లి, ప్రశ్నలడిగి, వాళ్లు చెప్పిందే రాసే మోటు పద్ధతిలో బతికాం. తరవాత సినిమాలు మాట్లాడటం మొదలుపెట్టాయి, తారలు మానేశారు. ప్రశ్నలూ జవాబులూ స్టూడియో ప్రచార శాఖే రాసి పంపేది. (తార ఎక్కడ నవ్విందో కూడా వాళ్లే వేసేవారు. కామాల విషయంలో మాత్రం మాకు పూర్తి స్వేచ్ఛ.)

ఆ శాఖలో బ్రాండిస్ అనే సత్య సవరణాధికారి ఉండేవాడు. తారల వయసూ, పుట్టిన ఊరూ ఆయన నిర్ణయించేవాడు. ఆ స్టూడియో తార ఆర్డిస్ విన్‌స్లోకు పెళ్లి కాలేదని నిర్ణయించిందీ ఆయనే. ఆ మేరకు మేము ‘ఆర్డిస్‌కు తగిన వరుడెవరు?’ అని పోటీ పెట్టాం. దేశంలోని బ్రహ్మచారులంతా తల దువ్వుకుని ఫొటోలు పంపసాగారు.

అప్పుడే ఆర్డిస్ భర్త మా ఆఫీసుకు వచ్చాడు. పేరు ఓరిన్ హాగెట్, సెట్లు కట్టే వడ్రంగి. ఇద్దరూ గుట్టుగా పక్క రాష్ట్రంలోని యూమా వెళ్లి పెళ్లి చేసుకున్నారు. ఆర్డిస్ నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుంది గనక అతనే వచ్చాడు.

“మేడమ్, మా ఆవిడకి నెల తప్పిందండీ. పెళ్లయిందని రెండు ముక్కలు వెయ్యండి. రేపు బిడ్డకి తండ్రెవరంటే ఏం చెప్పమంటారు?” అని మా సంపాదకురాలు మిసెస్ గాల్ట్‌ను బతిమాలాడు.

ఆవిడ బ్రాండిస్‌కు ఫోన్ చేసింది.

“భర్తని నేను మంజూరు చెయ్యలేదే!” అన్నాడాయన. “అంత సరదాగా ఉంటే పోటీకి ఫొటో పంపమను. గెలిస్తే చూద్దాం.”

“మా పెళ్లి ఫొటో ఉందండీ, పంపనా?” అన్నాడు ఓరిన్ ఆశగా.

“అందులో ఆమె ఉంటుందయ్యా, చెల్లదు. ఆమెని కత్తిరించి పంపు” అంది మిసెస్ గాల్ట్.

పాపం, కత్తిరించి పంపాడు. పోటీలో ఒహాయో పళ్ల డాక్టరు నెగ్గాడు. ఓరిన్‌కు మూడో బహుమతిగా సొంత భార్య ఫొటో, సంతకంతో సహా దక్కింది. (సంతకం బ్రాండిస్ గుమాస్తాది.)

ఆర్డిస్ ‘అలసట’ వల్ల కొన్ని నెలలు కొండల్లో విశ్రాంతి తీసుకుంది. తిరిగొచ్చాక మా ముఖచిత్రం మీద పసిపాపతో కనిపించింది. ‘దిక్కులేని బిడ్డను దత్తు తీసుకున్న పెద్ద మనసు!’ అని శీర్షిక.

ఓరిన్ పత్రిక పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. “దిక్కులేని బిడ్డేంటండీ? నేనేమన్నా చచ్చానా?”

“అవేం మాటలయ్యా!” అని మిసెస్ గాల్ట్ అనునయించింది. “చావాలంటే ముందు ఉండాలి కదా.”

అతను కుర్చీలో కూలబడి ఏడ్చాడు. నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను. ఆ సంచిక మాత్రం మా చరిత్రలోనే ఎక్కువ అమ్ముడుపోయింది.

పాప ముక్కు అచ్చం ఓరిన్‌దే. ముఖచిత్రం అచ్చుకు వెళ్లేముందు బ్రాండిస్ ఆ ముక్కును సరిచేయించాడు.