తుడిస్తే పట్టే యాంటెనా

"ఈ దినం నుంచి వల్లూరులో టీవీ చూసేదానికి ఎవురూ పైసా కట్టే పనిలేదు! గాల్లో వచ్చే బొమ్మ, గాలి మాదిరే ఫ్రీ!"

హనుమంతరాయ మైకులో ఈ మాట అని దండ సర్దుకున్నాడు. ఆయన తాలూకా నాయకుడు, ఫ్లెక్సీల ప్రకారం కాబోయే ఎమ్మెల్యే. అంతవరకు గాలి కూడా డబ్బిచ్చి పీలుస్తున్నామేమో అన్నట్టు జనం ఆయన వైపు కృతజ్ఞతగా చూశారు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నరసక్క. ఆమె పెంచిన మనవరాలు అర్పిత తమ రాష్ట్ర రాజధాని బెంగళూరులో రాష్ట్ర ఖోఖో ఫైనల్ ఆడబోతోంది. ఆదివారం పొద్దున పది గంటలకు ఆ ఆటను సర్కారు టీవీలో చూపిస్తారట. ఆ పిల్ల పరుగు నేర్చింది తమ వేరుశనగ చేలోనే. ఇప్పుడా చేను సోలార్ ప్యానెళ్ళ కింద ఉంది, నరసక్క అక్కడే కూలికి ప్యానెళ్ళు కడుగుతోంది. ఆమె ఫోనేమో బొత్తాలది, అందులో బొమ్మలు రావు.

పథకానికి ఒకే ఒక్క చిన్న షరతు పెట్టారు. ఉచిత యాంటెనా తీసుకునేవాళ్ళు ఇంటి మీది డిష్‌ను అప్పజెప్పాలి.

"డిష్షులో బొమ్మ బాగానే వస్తాండాది గదప్పా ఓబులేశా?" అంది నరసక్క.

"రెండూ ఉంటే యాడికి పోవాల్నో తెలీక సిగ్నల్ ఎనక్కి తిరుక్కోని పోతాది అవ్వా. ఇది సైన్సు," అన్నాడు డిష్‌లు దించడానికి వచ్చిన ఓబులేశ్.

సైన్సు అన్నాక ఎదురు మాట్లాడే అలవాటు ఆ ఊళ్ళో లేదు. డిష్‌లన్నీ ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాయి. ఎక్కడికని ఎవరూ అడగలేదు, అడగడం మర్యాద కాదని.

ఓబులేశ్ హనుమంతరాయకు కుడిభుజం. సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగించే కాంట్రాక్టు కూడా అతనిదే. ఆ అనుభవమంతా ధారపోసి ఊళ్ళో యాంటెనాలన్నింటినీ దక్షిణానికి తిప్పి, అచ్చం ప్యానెళ్ళ వాలులోనే, ఎండ బాగా తగిలేట్టు బిగించాడు. అంత వరసగా, అంత అందంగా ఉన్న యాంటెనాలను ఏ ఊరూ చూసి ఉండదు.

టీవీ పెడితే నీలి తెర మీద 'నో సిగ్నల్' అని వచ్చింది.

"చూసినావా! యాంటెనా పని చేస్తాండబట్టే గదా, సిగ్నల్ లేదని మనకు చెప్తాండాది!" అన్నాడు ఓబులేశ్.

పక్కింటి రైతు ఆదెప్ప ఊరుకోలేదు. హనుమంతరాయనే నిలదీశాడు. "ఆ టీవీ టవరు మూసేసి ఏండ్లయింది గదా సారూ. దాని కింద గొర్రెలు పండుకుంటాండాయి."

"టవరు ఢిల్లీవాళ్ళ పని, యాంటెనా మన పని. మన పని మనం చేసినామా, లేదా?"

"చేసినారు."

"మరింకేంది?"

ఆదెప్ప తలగుడ్డ దులుపుకుని చేనికి బయల్దేరాడు.

సాంకేతిక సమితి, అంటే ఓబులేశ్, రెండు బీడీలు తాగి లోపం కనిపెట్టింది. దుమ్ము! దుమ్ము పడితే ప్యానెల్‌కు కరెంటు తగ్గుతుంది కదా, యాంటెనాకు బొమ్మ తగ్గదా? వెంటనే యాంటెనాలు కడిగించే కాంట్రాక్టు పుట్టింది. అదెవరికి దక్కిందో మళ్ళీ చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళు తెల్లారేసరికి మిద్దెలెక్కి బకెట్టు, వైపర్‌తో యాంటెనాలు కడిగారు. అర్పితను తలచుకుని నరసక్క తనదాన్ని రెండోసారి కూడా కడిగింది.

ఆదివారం ప్రారంభోత్సవం నరసక్క ఇంటి ముందే పెట్టారు. మనవరాలి ఆటతోనే పథకం మొదలవుతుందని హనుమంతరాయ స్వయంగా మాటిచ్చాడు. షామియానా వేశారు, టీవీని బయటికి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఓబులేశ్ టీవీ వెనక్కి చెయ్యి పోనిచ్చి పెన్‌డ్రైవ్ లాంటిదేదో గుచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

బొమ్మ వచ్చింది! రంగుల్లో, అద్దంలా. బొమ్మలో హనుమంతరాయ మాట్లాడుతున్నాడు.

"మా అర్పిత ఆట ఏది నాయనా? పది దాటింది."

"ముందు సారు మాట, ఆమీట ఆట. ప్రోటోకాల్ అవ్వా."

ప్రసంగం అయిపోయింది. అయిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. అవ్వ చూస్తోందనుకునే కదా పిల్ల అక్కడ పరిగెత్తుతూ ఉంటుంది. ఇంకా ఎక్కడో దుమ్ము మిగిలిపోయింది, తప్పు తనదే అనుకుంది నరసక్క. బకెట్టు పట్టుకుని మిద్దె ఎక్కింది. పైన కడిగితే తృప్తి కలగలేదు. బోల్టులూడదీసి, వైరు లాగేసి, యాంటెనాను కిందికి తెచ్చి కొళాయి కింద రుద్ది రుద్ది కడిగింది. రెండు చేతులా దాన్ని ఎత్తుకుని, కొంగుతో తుడుచుకుంటూ షామియానాలోకి వచ్చింది.

టీవీలో హనుమంతరాయ చెప్తున్నాడు: "మీ మిద్దె మింద నేను పెట్టించిన యాంటెనా వల్లనే ఈ బొమ్మ మీకు కనపడతాండాది."

జనం నరసక్క చేతుల్లోకి చూశారు. టీవీలోకి చూశారు. ఓబులేశ్‌కు దగ్గు వచ్చింది.

హనుమంతరాయ మాత్రం చెక్కు చెదరకుండా లేచి నిలబడ్డాడు. "చూసినారా! కిందికి దించినా పట్టే యాంటెనా! దేశంలో ఇట్లాంటిది యాడుండాదో చూపించమనండి!"

షామియానా అదిరిపోయేట్టు చప్పట్లు మోగాయి.

"ఆట అయిపోయిందేమో గదప్పా?" అంది నరసక్క. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. చేతులు ఖాళీ లేక ఆమె ఒక్కతే చప్పట్లు కొట్టలేదు.